కన్ను లేని ముక్క

రుబార్బ్ కాడను కత్తితో కోసేవాళ్ళంటే పెలాగియాకు ఒళ్ళు మంట. వేళ్ళు అడుగుకంటా పోనిచ్చి, కాడను కొంచెం మెలిపెట్టి లాగితే తెల్లటి మొదలుతో సహా ఊడివస్తుంది. కత్తి పెడితే మోడు మిగులుతుంది, మోడు కుళ్ళుతుంది, ఆ కుళ్ళు దుంపలోకి దిగుతుంది. ఇంత చిన్న సంగతి తెలియని మనుషులకు మిల్లువాళ్ళు తోట జాగాలు ఎందుకు పంచిపెట్టారో ఆవిడకు అంతుబట్టేది కాదు. కత్తివాళ్ళొక్కరే కాదు. విషమని తెలిసీ ఆకులు కుందేళ్ళకు వేసేవాళ్ళు, పూకాడ లేస్తే తుంచకుండా చుట్టూ చేరి మురిసిపోయేవాళ్ళు, జూన్ చివర యోహాను పండుగ దాటాక కూడా ఆశ చావక కాడలు పీకేవాళ్ళు, అందరినీ ఆవిడ ఒకే గాటన కట్టేది. ఆ గాటన తను, కాలం చేసిన వాళ్ళమ్మ తప్ప వొమ్‌జా ఊరు ఊరంతా ఉండేది.

వొమ్‌జాలో రుబార్బ్ లేని పెరడు లేదు. చేటంత ఆకులు, వాటి కింద బొటనవేలి లావున కాడలు, కొరికితే దవడలు లాగేసే పులుపు. చలికాలమంతా కాబేజీ, బంగాళాదుంపలు తిని మొహం మొత్తినవాళ్ళకు మంచు కరిగాక నేలలోంచి మొదట కనబడేది అదే కాబట్టి జనం దానిమీద పడతారు. ముక్కలు కోసి చక్కెర వేసి ఉడికించి ఆ రసం తాగుతారు. రొట్టె పిండి మీద పరిచి కాలుస్తారు. మామూలు రుబార్బ్ పైకి కాస్త ఎర్రగా ఉండి లోపల పచ్చగా, నీళ్ళోడుతూ ఉంటుంది. పెలాగియా దగ్గరున్నది మాత్రం విరిచి చూస్తే నడిమి దాకా ఎరుపు. దానికి చక్కెర సగం చాలు. చక్కెరకు కూపన్లిచ్చే రోజులవి, సగం చక్కెర అంటే మాటలు కాదు.

నిజం చెప్పాలంటే, ఆవిడ దగ్గర మరొకరు ఆశపడే వస్తువు అదొక్కటే. మనిషి చూడబోతే చెక్కపేడు. చదువు అంతంతమాత్రం. ఉద్యోగం నూలు మిల్లులో, గుడ్డ తనిఖీ. దీపాల బల్ల మీద గుడ్డ తానులు ఒకదాని వెంట ఒకటి పరుచుకుంటూ పోతుంటే, తెగిన పోగు ఎక్కడుంది, ముడి ఎక్కడుంది అని వెతికి సుద్దతో గీత పెట్టడం పని. పాతికేళ్ళపాటు తప్పులు పట్టినందుకే జీతమిస్తే మనిషి ఎలా తయారవుతుందో పెలాగియా అలాగే తయారైంది. మిల్లు గేటు దాటి బయటికొచ్చాక సుద్దముక్క ఉండేది కాదు గానీ, ఆ చూపు మాత్రం ఇంటికి, చర్చికి, తోటకు కూడా వచ్చేది.

దుంప వాళ్ళమ్మది. నారెవ్ నది అవతలి పల్లెలో పుట్టింటి గోడ పక్కన ఉండేది. తల్లి పోయాక, ఇల్లు అమ్మిన రోజున పెలాగియా అన్నదమ్ములతో ఒక్క గిన్నెకు కూడా పోట్లాడకుండా పార పట్టుకుని వెళ్ళి ఆ దుంపను తవ్వి, తడి గోనెలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. కొన్నవాడు ఆ జాగాలో గొడ్ల సావిడి కట్టాడు. వాళ్ళమ్మది అంటూ ఇక లోకంలో మిగిలింది రైలు కట్ట వెనక, మిల్లు తోటల్లో ఉన్న ఈ దుంపే.

మే నెల వచ్చిందంటే శనివారాలు ఆడవాళ్ళు ఆవిడ తోట గేటు దగ్గర నిలబడేవారు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఊరందరినీ గదమాయించే అపోలోనియా కూడా అక్కడ సంచి పట్టుకుని వినయంగా నిలబడేది.

"పెలాగియా గారూ, ఒక నాలుగు కాడలిస్తారా? మనవడు ఒకటే గోల."

"సంచిలో ఆ కత్తెందుకు?"

"అబ్బే, రొట్టె కోసుకోడానికండి."

"రొట్టె కోసుకునే కత్తి రొట్టె దగ్గరుంటుంది. మీరక్కడే ఉండండి, నేను లాగి ఇస్తా. ఆ మట్టిలో కాలు పెట్టకండి."

ఇచ్చేది పిడికెడు కాడలు, పెట్టేది గంపెడు చీవాట్లు. అపోలోనియా రెండూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయేది. గేటు దాటాక ఆ చీవాట్లను ఊరంతా పంచేది, కాడలు మాత్రం ఇంట్లోనే వండుకునేది. వీళ్ళను చూసి జాలిపడాల్సిన పనేమీ లేదు. తిట్లు తిని పులుపు తినే జనం, మళ్ళీ శనివారం మళ్ళీ వచ్చేవాళ్ళు.

కాడలిచ్చేది గానీ దుంపలో ముక్క మాత్రం పెలాగియా ఎవరికీ ఇవ్వలేదు. ఒక్కసారి ఇచ్చింది. ఆ ఇచ్చిన తీరు వింటే ఇవ్వకపోవడమే మర్యాద అనిపిస్తుంది.

ఆవిడ భర్త రోఖ్‌కు సెవెరిన్ అని తమ్ముడున్నాడు. అతను చేసుకున్న పిల్ల జితా. మంగలి షాపులో ఆడవాళ్ళ జుట్టు వంకీలు తిప్పే పని. వూచ్ నగరంలో మూడో అంతస్తులో పుట్టి పెరిగి, మట్టిని పూలకుండీలో తప్ప చూసి ఎరగదు. గోళ్ళకు రంగు. ఆ గోళ్ళను చూసిన రోజే పెలాగియా తోడికోడలి మీద గీత పెట్టేసింది. అన్నదమ్ములిద్దరికీ తోట జాగాలు పక్కపక్కనే వచ్చాయి, మధ్యలో ఒక తీగ కంచె. కొత్త కోడలు తోట వేసిన మొదటి ఏడు, అప్పటికింకా బతికున్న అత్తగారు నలుగురిలో అన్నది, "ఆ పిల్లకో ముక్కియ్యవే పెలాగియా, కాపురం పెట్టుకున్నది." అత్త మాట కాదనడానికి లేదు.

ఇక్కడివాళ్ళకు ఒక నమ్మకముంది. తినే కాయకు, కూరకు థాంక్స్ చెప్పొచ్చు. నాటుకునే మొక్కకు మాత్రం చెప్పకూడదు. చెబితే ఎండిపోతుంది. నోరు మూసుకుని పట్టుకుపోవాలి. దొంగిలించి తెచ్చుకున్నదైతే మరీ ఏపుగా పెరుగుతుందంటారు. చర్చిలో ముందు బెంచీలో కూర్చునేవాళ్ళు కూడా ఈ రెండో మాటను గట్టిగా నమ్ముతారు, కొందరు ఆచరణలో కూడా పెడతారు. మూడో అంతస్తు పిల్లకు ఇవేవీ తెలియవు.

పెలాగియా దుంప అంచున తవ్వి, చూడ్డానికి బొద్దుగా ఉన్న ముక్క ఒకటి చీల్చింది. దానికి కన్ను లేదు. మొగ్గ లేని దుంపముక్క ఎన్నాళ్ళు మట్టిలో ఉన్నా మట్టిలోనే ఉంటుంది. అది చాలదన్నట్టు, అత్తగారు టీ నీళ్ళు పెట్టడానికి తోటలోని గుడిసెలోకి వెళ్ళేదాకా ఆగి, ముక్కను జితా చేతిలో పెట్టి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏమ్మా, బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డావేం? మీ అమ్మ ఏమీ నేర్పలేదా? ఎవరన్నా ఏదన్నా ఇస్తే ఏమంటారు?"

జితా మొహం ఎర్రబడింది. "చాలా థాంక్స్ అక్కా," అంది.

"అదీ," అంది పెలాగియా. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తాడుకు తోడు మోకు కూడా వేసి కట్టిన మనిషికి వచ్చే నిద్ర అది. అంత నీచపు పని చేసినట్టు ఆవిడకు తోచలేదు. రంగు గోళ్ళవాళ్ళ పెరట్లో తన తల్లి దుంప ఉండకూడదు, అంతే.

మరుసటి వసంతంలో కంచె అవతల, జితా మడిలో, నడిమి దాకా ఎర్రటి రుబార్బ్ లేచింది.

కన్ను లేని ముక్క మొలవదు. థాంక్స్ చెప్పిన ముక్క అసలే మొలవదు. కాబట్టి దొంగతనం. పెలాగియా మొదట భగ్గుమంది, ఆపైన ఆలోచించి చల్లబడింది. జన్మంతా ఒక మనిషిని దొంగను చూసినట్టు చూడొచ్చంటే అది తక్కువ సంపాదనా? దొంగ అని నోటితో ఒక్కసారి అనలేదు. అపోలోనియా ముందు కంచెవైపు చూసి ఒక నిట్టూర్పు విడిచేది, అంతకన్నా ఏం కావాలి. ఏడాది తిరగకుండా ఊళ్ళో జుట్టు వంకీలు తిప్పించుకునే ఆడవాళ్ళు కూడా, తల జితా చేతిలో పెట్టి, ఆమె దొంగ అని లోపల అనుకుంటూ కూర్చునేవాళ్ళు. జితాకు తెలుసు. ఏమీ అనేది కాదు.

ఇక రోఖ్. మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. నోట్లోంచి మాట రావడం అపురూపం. భర్త మీద గీత పెట్టడం పెలాగియా ఎప్పుడో విసుగొచ్చి మానేసింది. ఏటా ఆకులు రాలే కాలంలో మడి తవ్వి ఎరువు వేయడం ఒక్కటి అతనికి వదిలేసింది. రుబార్బ్ దుంపను నాలుగైదేళ్ళకోసారి చీల్చి విడదీయాలి, లేకపోతే నడుమ ఊపిరాడక చస్తుంది. ఆ సంగతి ఆవిడకు తెలియక కాదు. చీలిస్తే ముక్కలు మిగులుతాయి, మిగిలినవి పారేయడానికి మనసొప్పదు, ఇవ్వడానికి తగిన మనిషి లేడు. "మా అమ్మ రకం వేరు, చీల్చక్కర్లేదు," అని అందరికీ చెప్పేది. నిజంగానే దుంప ఏళ్ళ తరబడి చెక్కుచెదరలేదు. అప్పుడప్పుడు వసంతంలో మడి ఒక పక్కన మట్టి గుల్లగా కనబడేది. ఎలుకలనుకునేది.

తర్వాత రోఖ్‌కు పొత్తికడుపులో గిలక దిగి హెర్నియా ఆపరేషనైంది. పార ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి పెలాగియాయే చూసుకుంది. చూసుకోవడమంటే, పచ్చి పేడ బుట్టలకొద్దీ తెచ్చి సరిగ్గా దుంప నెత్తిన పోయడం. ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషి, పేడ పక్కన వేయాలి గానీ నెత్తిన వేయకూడదన్న సంగతి దగ్గర బోల్తాపడింది. తన దుంపకు ఎంత పెట్టినా తక్కువే అనుకుంది.

ఆ ఏడు ఈస్టరుకు ముందు వారంలో, చలికి కప్పిన గడ్డి తొలగించి చూస్తే వాసన వచ్చింది. వేళ్ళు పోనిస్తే దిగబడిపోయాయి. గోధుమరంగు జావ. పెలాగియా మోకాళ్ళ మీద కూర్చుని అంచులన్నీ గోకి చూసింది, గట్టి ముక్క ఒక్కటి దొరకలేదు, ఎర్రటి మొగ్గ ఒక్కటి లేదు. ఆవిడకు భయమేసింది. తల్లి పోయినప్పుడు కూడా అంత భయమేయలేదు, ఎందుకంటే అప్పుడు చేతిలో గోనె ఉంది. మే వచ్చేస్తుంది. గేటు దగ్గర సంచులు వస్తాయి. ఇవ్వడానికేమీ లేని పెలాగియాను ఎవరు భరిస్తారు? ఆ ప్రశ్నకు జవాబు ఆవిడకే అందరికన్నా బాగా తెలుసు.

సాయంత్రం రోఖ్ అడిగాడు, "మొలకలొచ్చాయా?"

"నీకెందుకు," అంది.

ఈస్టరు ముందు శనివారం ఊరంతా బుట్టలు పట్టుకుని చర్చికి వెళుతుంది. గుడ్లు, సాసేజి, రొట్టె, ఉప్పు, ఘాటు ముల్లంగి దుంప, అన్నీ తెల్లగుడ్డ కప్పి తీసుకెళితే ఫాదరు దీవిస్తాడు. ఆ పొద్దున తోటల్లో పిట్టమనిషి ఉండడు. పెలాగియా బుట్ట రోఖ్ చేతిలో పెట్టి, "ముల్లంగి మర్చిపోయా, తవ్వుకొస్తా, నువ్వు నడుస్తుండు," అని తోటకు వచ్చింది. తోటలో తన ముల్లంగి వైపు చూడనుకూడా లేదు. పార తీసుకుని జితా గేటు తోసింది. గేటుకు తాళం లేదు. దొంగ ఇంటికి తాళమెందుకు అని అలవాటు కొద్దీ అనుకుంది, తను ఎందుకొచ్చిందో ఆ క్షణాన గుర్తు లేదు.

పాత టైర్లో పూలు, టైరుకు నీలం రంగు. చూసి మూతి ముడిచింది. గుడిసె కిటికీకి లేసు తెర. దానికీ ముడిచింది. గుడిసె వెనక్కి తిరిగాక ముడవడానికి మూతి సహకరించలేదు. కంచె మీంచి కనబడే ఒక్క దుంపే కాదు, వరుసగా మడి పొడుగునా దుంపలు. పక్కలకే పేడ, నెత్తి శుభ్రంగా. ప్రతి దుంప మీద పిడికిలి విప్పుతున్నట్టు ఎర్రటి మొగ్గలు. వాళ్ళమ్మ ఇంటి గోడ పక్కన దుంప ఏప్రిల్లో ఎలా ఉండేదో అలాగే ఉన్నాయి. పెలాగియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తిరిగినందుకు కోపమొచ్చింది, ఆ కోపంలో పార ఎక్కడ పడితే అక్కడ దింపింది.

"ఆ ముక్కకు కన్ను లేదక్కా. పక్కది తీసుకో."

జితా. జుట్టుకు వంకీల చుట్టలు, వాటిమీద రుమాలు, చేతిలో చిన్న గునపం. తనూ ముల్లంగి కోసమే వచ్చింది.

"ముల్లంగికి వచ్చా," అంది పెలాగియా.

"ముల్లంగి ఆ మూలన. ఇది రుబార్బ్. నీకు తెలియందేముంది." జితా దగ్గరికొచ్చి పార తీసుకుంది. "నీది పోయింది కదూ. కంచె మీంచి వాసనొస్తోంది."

పెలాగియా, "కన్ను సంగతి నీకెవరు చెప్పారు?" అంది.

"బావగారు. అప్పుడు నువ్వు ముక్కిచ్చిన మర్నాడే వచ్చి తవ్వి చూపించారు. 'మీ అక్క తొందర్లో చూసుకోలేదమ్మా' అన్నారు. నేను నమ్మలేదులే. ఆయనా నమ్మలేదు." జితా పార మీద కాలు వేసి తొక్కింది. "కోటు కింద ఇంకో ముక్క పెట్టుకొచ్చారు. నన్ను అటు తిరగమని ఆయనే పాతారు. తిరక్కపోతే దొంగతనం కింద రాదట. తర్వాత కూడా అప్పుడప్పుడు తెచ్చేవారు. 'దుంప బలిసిపోయింది, చీల్చకపోతే చస్తుంది, ఆవిడ చీల్చనివ్వదు' అని. ఆపరేషను తర్వాత రాలేదు."

ఎలుకలు. ఇన్నేళ్ళూ ఎలుకలనుకుంది. దీపాల బల్ల మీద ఒక్క తెగిన పోగును వదలని మనిషి, ఇంట్లో పక్క మంచం మీది మనిషిని చూడలేదు. అంతకన్నా కష్టమైంది ఇంకొకటుంది. ఈ రంగు గోళ్ళ పిల్ల ఊళ్ళో దొంగ అనిపించుకుంటూ, ఒక్క మాటతో కడిగేసుకోగలిగి ఉండీ, రోఖ్ మొహం చూసి నోరు మూసుకుంది. పెలాగియాకు సిగ్గేసింది. అలవాటు లేని పని కాబట్టి చెవుల దగ్గర మొదలైంది.

జితా మొగ్గలు దట్టంగా ఉన్న పెద్ద ముక్క చీల్చి, మట్టి దులిపి, రెండు చేతులతో ఆవిడ చేతుల్లో పెట్టింది. పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏమక్కా, బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డావేం? మీ అమ్మ ఏమీ నేర్పలేదా?"

ఆ మొహంలో నవ్వుందో లేదో పెలాగియాకు తెలియలేదు. ఒకటి మాత్రం తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషికి థాంక్స్ చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. మాట నాలిక మీదికి వచ్చేసింది. అంటే దుంప చస్తుంది, వాళ్ళమ్మ దుంప, చివరిది. ఊరందరి దగ్గరా ఆ మాటను పిండుకున్న మనిషి, ఒక్కసారి తను ఇవ్వబోతే దారి లేదు. పళ్ళు బిగపట్టింది.

"నీది బంకమట్టి," అంది చివరికి. "ఇసుక కలుపు."

"సరే, నేను చూడట్లేదు. పట్టుకుపో," అని జితా వెనక్కి తిరిగి నిలబడింది.

పెలాగియా దొంగలాగానే వెళ్ళింది. పాత మడికి దూరంగా, కొత్త మట్టిలో, కన్ను మట్టికి సమంగా వచ్చేట్టు నాటింది. పేడ పక్కలకే వేసింది. ముల్లంగి మర్చిపోయింది. ఆ ఏడు వాళ్ళ బుట్ట ముల్లంగి లేకుండానే దీవెన పొందింది.

మర్నాడు పండుగ భోజనం దగ్గర రోఖ్ దీవించిన గుడ్డు వలుస్తుంటే ఆవిడ ఉప్పు జరిపి, "తోటలో ఈమధ్య ఎలుకలు తవ్వడం లేదు," అంది.

రోఖ్ గుడ్డు మీంచి కళ్ళెత్తలేదు. "ముసలి ఎలుక," అన్నాడు. "దానికి గిలక దిగింది."

పెలాగియా తన గుడ్డులో సగం కోసి అతని పళ్ళెంలో పెట్టింది. పెళ్ళైన నాటినుంచి ఆ ఇంట్లో అలాంటిది జరగలేదు కాబట్టి, అది తినాలో వద్దో తెలియక రోఖ్ చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

మే వచ్చింది. దుంప పట్టుకుంది. అరచేతంత ఆకులు నాలుగు విప్పింది. నాటిన ఏడు కాడ ముట్టుకోకూడదు. శనివారం గేటు దగ్గర సంచులతో ఆడవాళ్ళు నిలబడ్డారు, ముందు అపోలోనియా. బక్క మొక్కను చూసి వాళ్ళలో వాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. ఇన్నేళ్ళ చీవాట్లకు వడ్డీ రాబట్టుకునే రోజు ఇన్నాళ్ళకు వచ్చిందని ఒక్కొక్కరి మొహం వెలిగిపోతోంది. ఎంత తిన్నా రుచి మారని మనుషులు.

"అయ్యో, ఏమైందండీ పెలాగియా గారూ? ఈ ఏడు మాకు లేనట్టేనా?"

"జితా దగ్గరికెళ్ళండి."

"జితా దగ్గరికా?" అపోలోనియా గొంతు తగ్గించింది, కంచె అవతల జితా కలుపు తీస్తోంది. "అది మీ దగ్గర దొంగిలించిందే కదండీ."

"ఎవరన్నారు?"

"మీరే కదా..."

"నేనెప్పుడన్నాను?"

ఎప్పుడూ అనలేదు. అపోలోనియా నోరు తెరిచి, గుర్తు చేసుకుని, మూసుకుంది.

"అది మా ఇంట్లోంచి ఇచ్చిందే," అంది పెలాగియా, కంచె అవతలికి వినబడేట్టు. "మా ఆయన చేత్తో నాటించాం. నాకన్నా బాగా పెంచింది. వెళ్ళండి. ఆ కత్తి మాత్రం ఇక్కడ పెట్టేసి వెళ్ళండి."

కంచె అవతల గునపం చప్పుడు ఆగింది. జితా తలెత్తలేదు. రంగు గోళ్ళ చేయి ఒకటి పైకి లేచి కంటి కింద తుడుచుకోబోయి మట్టి పూసుకుంది, మళ్ళీ కలుపులోకి దిగింది. అపోలోనియా సంచిలోంచి కత్తి తీసి గేటు స్తంభం మీద పెట్టింది.